కీబోర్డు ఇన్‌పుట్: ప్రోగ్రామును ఆపకుండా స్వీకరించే పద్ధతులు

కంప్యూటర్ ప్రోగ్రాము తన పని తాను చేసుకుంటూనే, వాడుకరి కీబోర్డు మీద ఏదైనా మీట నొక్కాడో లేదో చూసుకుని, నొక్కి ఉంటే దానికి తగినట్టు స్పందించి, నొక్కకపోతే ఎదురుచూడకుండా ముందుకు సాగిపోయే ఏర్పాటును నాన్‌బ్లాకింగ్ ఇన్‌పుట్ అంటారు. ప్రోగ్రామింగు నేర్చుకునేవారికి మొదటి వారంలోనే పరిచయమయ్యేది దీనికి భిన్నమైన బ్లాకింగ్ ఇన్‌పుట్. పైథాన్‌లో ఇన్‌పుట్ అనే ఫంక్షన్‌ను గాని, సీ భాషలో స్కాన్‌ఎఫ్, గెట్‌చార్ ఫంక్షన్లను గాని పిలిచినప్పుడు, వాడుకరి ఏదో ఒకటి టైపు చేసి ఎంటర్ కొట్టేదాకా ప్రోగ్రాము ఆ వాక్యం దగ్గరే నిలిచి ఉంటుంది. వడ్డీ లెక్క కట్టే ప్రోగ్రాముకు, మూడు సంఖ్యల్లో పెద్దది ఏదో చెప్పే ప్రోగ్రాముకు ఈ నిలుపు అవసరమే, ఎందుకంటే సంఖ్య తెలియనిదే లెక్క మొదలుకాదు. తెర మీద బంతి కదులుతున్నప్పుడు, గడియారం సెకన్లు లెక్కపెడుతున్నప్పుడు, ఉష్ణోగ్రత కొలిచే పరికరం నుంచి అంకెలు వస్తూ ఉన్నప్పుడు మాత్రం అదే నిలుపు ప్రోగ్రామును స్తంభింపజేస్తుంది: బంతి గాలిలో ఆగిపోతుంది, గడియారం వెనకబడుతుంది.

ఈ సమస్య ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే అయినా, చెన్నైలో దానికి పాఠ్యప్రణాళిక ద్వారా ఏర్పడిన ఒక ప్రత్యేక రూపం ఉంది. అన్నా విశ్వవిద్యాలయం 2013 రెగ్యులేషన్‌లో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థులందరికీ సీ భాష ఆధారంగా కంప్యూటర్ ప్రోగ్రామింగ్ బోధించింది. 2017 రెగ్యులేషన్‌లో దాని స్థానంలోకి ‘ప్రాబ్లం సాల్వింగ్ అండ్ పైథాన్ ప్రోగ్రామింగ్’ అనే పాఠ్యాంశం వచ్చింది. సివిల్, మెకానికల్ అనే భేదం లేకుండా అన్ని శాఖలవారూ చదివే ఈ పాఠ్యాంశానికి అనుబంధమైన ప్రయోగశాల జాబితాలో, గసాభా కనుక్కోవడం, వర్గమూలం, మాత్రికల గుణకారం వంటి ప్రోగ్రాముల తర్వాత చిట్టచివర పైగేమ్ అనే లైబ్రరీతో దీర్ఘవృత్త కక్ష్యలను, ఎగిరిపడే బంతిని చూపించే రెండు అభ్యాసాలు ఉండేవి. 2021 రెగ్యులేషన్‌లో ఈ చివరి అంశాన్ని ఎగిరిపడే బంతి, కారు పందెం వంటి ఆటను తయారుచేయడంగా మార్చారు. బంతి ఎవరూ తాకకుండానే ఎగురుతుంది గాని, కారును కుడి ఎడమలకు తిప్పాలంటే కీబోర్డు కావాలి, కీబోర్డు కోసం కారు ఆగకూడదు. ఇన్‌పుట్ ఫంక్షన్‌తో మొదలైన విద్యార్థి ఈ విధంగా సెమిస్టరు ముగిసేలోగా దానికి పూర్తిగా విరుద్ధమైన పద్ధతికి చేరుకోవలసి వస్తుంది. షరతులు, లూపులు, జాబితాలు, ఫైళ్లు అంటూ సాగే అయిదు యూనిట్లలో ఈ రెంటినీ కలిపే అధ్యాయం లేకపోవడం ఆ ప్రణాళికలోని లోపమనే చెప్పాలి.

నిలుపు ఎక్కడ జరుగుతుంది

ప్రోగ్రాము ఆగడానికి కారణం పైథాన్‌లోనో సీ భాషలోనో ఉందని అభ్యాసకులు సహజంగా అనుకుంటారు. నిజానికి యూనిక్స్, లైనక్స్ వంటి వ్యవస్థల్లో కీబోర్డుకూ ప్రోగ్రాముకూ నడుమ ఆపరేటింగ్ సిస్టమ్‌లో భాగంగా లైన్ డిసిప్లిన్ అనే ఒక పొర పనిచేస్తూ ఉంటుంది. నొక్కిన అక్షరాలను ఒక వరుసగా పోగుచేయడం, వాటిని తెర మీద చూపించడం, బ్యాక్‌స్పేస్ నొక్కితే చివరి అక్షరాన్ని చెరిపివేయడం, కంట్రోల్-సీ నొక్కితే ప్రోగ్రామును ఆపే సంకేతం పంపడం దాని విధులు. ఎంటర్ నొక్కినప్పుడే అది పోగుచేసిన వరుసను ప్రోగ్రాముకు అందజేస్తుంది. ఈ నడవడిని కెనానికల్ మోడ్ అంటారు. అక్షరానికి అక్షరం కాగితం మీద అచ్చువేసే టెలిటైపు యంత్రాలు టెర్మినళ్లుగా ఉన్న కాలం నుంచి ఇది వస్తున్నది, తప్పు దిద్దుకోవడానికి మనిషికి ఒక అవకాశం ఇవ్వడమే దాని ఉద్దేశం. అందువల్ల విద్యార్థి ‘ఎ’ అనే కీ నొక్కి ఎంతసేపు చూసినా ప్రోగ్రాముకు ఏమీ అందదు, ఆ అక్షరం ఇంకా లైన్ డిసిప్లిన్ చేతిలోనే ఉంటుంది.

దీని నుంచి రెండు వేర్వేరు ప్రశ్నలు పుడతాయి, వాటిని కలగాపులగం చేయడమే ఈ విషయంలో తరచు కనిపించే పొరపాటు. ఎంటర్ కోసం ఆగకుండా ఒక్కొక్క కీని వెంటనే అందుకోవడం ఎలా అన్నది మొదటిది. ఏ కీ నొక్కనప్పుడు ఆగకుండా ఉండటం ఎలా అన్నది రెండవది. మొదటిది సాధించినంత మాత్రాన రెండవది రాదు. కెనానికల్ మోడ్‌ను తీసివేసిన తర్వాత కూడా ప్రోగ్రాము ఒక కీ కోసం గంటలకొద్దీ వేచి ఉండగలదు. అలాగే టెర్మినల్‌ను నాన్‌బ్లాకింగ్‌గా మార్చి కెనానికల్ మోడ్‌ను అలాగే ఉంచితే, ప్రోగ్రాము ఆగదు గాని ఎంటర్ పడేదాకా దానికి ఏమీ కనిపించదు.

యూనిక్స్ తరహా వ్యవస్థల కోసం ఏర్పడిన 1988 నాటి పోసిక్స్ ప్రమాణంలో చోటుచేసుకున్న టెర్మియోస్ అనే ఏర్పాటు ఈ రెంటికీ విడివిడిగా సమాధానం చెబుతుంది. అందులోని ఐకెనాన్ అనే జెండాను దించితే వరుసలవారీ పోగు ఆగిపోతుంది, ఎకో అనే జెండాను దించితే నొక్కిన అక్షరం తెర మీద కనిపించడం ఆగిపోతుంది. ఆపైన వీమిన్, వీటైమ్ అనే రెండు విలువలు ఎదురుచూపు ఎంతో నిర్ణయిస్తాయి. వీమిన్ 1, వీటైమ్ 0 అయితే కనీసం ఒక బైటు వచ్చేదాకా ఆగాలి. రెండూ 0 అయితే ఉన్నది తీసుకుని, లేకపోతే ఖాళీ చేతులతో వెంటనే తిరిగి రావాలి. వీమిన్ 0 ఉండి వీటైమ్‌కు 5 ఇస్తే అర సెకను చూసి వెళ్లిపోవాలి, ఎందుకంటే వీటైమ్‌ను సెకనులో పదోవంతులలో లెక్కిస్తారు. ఈ మార్పులు ప్రోగ్రాముకు కాక టెర్మినల్‌కు చెందినవి కాబట్టి, ప్రోగ్రాము మధ్యలో పొరపాటుతో ఆగిపోతే టెర్మినల్ అదే స్థితిలో మిగిలిపోతుంది, ఆ తర్వాత విద్యార్థి ఏ ఆదేశం టైపు చేసినా తెర మీద కనిపించదు. కంప్యూటరు పాడైందనుకుని స్విచ్ తీసేసేవారు కొందరు. కనిపించకపోయినా ‘ఎస్‌టీటీవై సేన్’ అని టైపు చేసి ఎంటర్ కొడితే టెర్మినల్ చక్కబడుతుంది. పాత అమరికను ముందే భద్రపరచుకుని, ప్రోగ్రాము ఏ దారిన ముగిసినా దాన్ని తిరిగి పెట్టేలా పైథాన్‌లో ట్రై-ఫైనలీ నిర్మాణాన్ని వాడటం మంచి అలవాటు.

చారిత్రక క్రమం

1959లో స్థాపితమైన మద్రాసు ఐఐటీలో 1973లో ఐబీఎం 370/155 కంప్యూటరు నెలకొన్నది. అప్పటి పంచ్ కార్డుల పద్ధతిలో ప్రోగ్రామునూ అది వాడే దత్తాంశాన్నీ ముందుగానే కార్డుల కట్టగా అప్పగించేవారు గనుక, నడుస్తున్న ప్రోగ్రాము మనిషి వేలి కోసం ఎదురుచూసే సందర్భమే ఉండేది కాదు. కీబోర్డు, తెర, ప్రోగ్రాము మూడూ ఒక్క మనిషి ఎదుట చేరిన మైక్రోకంప్యూటర్ల కాలంలోనే ఈ ప్రశ్న అభ్యాసకుడి ప్రశ్నగా మారింది.

భారతదేశంలో 1984లో మొదలైన క్లాస్ అనే పాఠశాల కంప్యూటర్ అక్షరాస్యత పథకం ద్వారా బడుల్లోకి వచ్చిన యంత్రం బ్రిటన్‌కు చెందిన ఏకార్న్ సంస్థ రూపొందించిన బీబీసీ మైక్రో. దాని బేసిక్ భాష ఈ విషయంలో నేటి పైథాన్ కన్నా ఉదారమైనది. అందులో గెట్ అనే పదం కీ కోసం ఆగుతుంది, ఇన్‌కీ అనే పదం మాత్రం కుండలీకరణంలో ఇచ్చిన అంకెను సెకనులో నూరోవంతులుగా తీసుకుని అంతసేపే చూస్తుంది. ఇన్‌కీకి 100 ఇస్తే ఒక సెకను, 0 ఇస్తే అసలు ఎదురుచూపు ఉండదు. కీ రాకపోతే జవాబుగా -1 వస్తుంది. ఇన్‌కీకి రుణసంఖ్య ఇస్తే అర్థం మారి, ఫలానా కీ ఈ క్షణంలో నొక్కి ఉందా అని నేరుగా చెబుతుంది. ఉదాహరణకు -99 అంటే స్పేస్‌బార్. ‘కీ వచ్చిందా’ అనే ప్రశ్నకూ ‘కీ నొక్కి ఉందా’ అనే ప్రశ్నకూ ఉన్న తేడా, నేటికీ ఆటలు రాసేవారిని తికమకపెట్టే తేడా, ఆ భాషలో అప్పుడే స్పష్టంగా ఉంది.

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ప్రతి కీ నొక్కుడూ ఇంటరప్ట్‌గా, అంటే ప్రాసెసరు చేస్తున్న పనిని క్షణకాలం పక్కన పెట్టించే సంకేతంగా వస్తుంది. బయాస్ అనే ప్రాథమిక సాఫ్ట్‌వేర్ దాన్ని అందుకుని ఒక చిన్న నిల్వలో దాస్తుంది. ఆ నిల్వలో 15 నొక్కుళ్లకే చోటు ఉంటుంది, ఆపైన నొక్కితే యంత్రం బీప్‌మని ఫిర్యాదు చేస్తుంది. నిల్వ ఖాళీగా ఉందో లేదో చూసి చెప్పే సేవ ఒకటి, ఖాళీగా ఉంటే కీ వచ్చేదాకా ఆగే సేవ ఇంకొకటి బయాస్‌లో విడివిడిగా ఉన్నాయి. 1987లో బోర్లాండ్ సంస్థ విడుదల చేసిన టర్బో సీ లో కోనియో అనే హెడర్ ద్వారా దొరికే కేబీహిట్, గెట్‌చ్ ఫంక్షన్లు విద్యార్థికి అందించింది ఈ సౌకర్యాన్నే. కేబీహిట్ కీ ఉందో లేదో చెబుతుంది గాని దాన్ని నిల్వ నుంచి తీయదు, తీసే పని గెట్‌చ్‌ది. కేబీహిట్ తర్వాత గెట్‌చ్ పిలవడం మరిచినవారి ప్రోగ్రాములో ఒక్కసారి నొక్కిన కీ ఎప్పటికీ నొక్కినట్టే కనిపిస్తుంది. బాణం గుర్తు కీలు ఒక సంకేతంగా కాక రెండుగా వస్తాయి, మొదటిది 0, రెండవది అసలు సంకేతం. పై బాణానికి అది 72.

టర్బో సీ మన దేశపు కళాశాలల్లో దాని కాలం చెల్లిన తర్వాత కూడా చాలా ఏళ్లు నిలిచింది. అందుచేత కోనియో సీ భాషలో భాగమేనని నమ్మిన తరాలు తయారయ్యాయి; అది ఏ ప్రమాణంలోనూ లేదు. ఈ నమ్మకం సడలడంలో చెన్నై సంస్థల పాత్ర చెప్పుకోదగింది. సీడాక్ చెన్నై కేంద్రం, అన్నా విశ్వవిద్యాలయపు ఏయూ-కేబీసీ పరిశోధన కేంద్రం కలిసి నడిపిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వనరుల కేంద్రం నుంచి బాస్ అనే లైనక్స్ రూపం 2007లో వెలువడింది. తమిళనాడు ప్రభుత్వం 2011 సెప్టెంబరులో ప్రారంభించిన ఉచిత ల్యాప్‌టాప్ పథకం ద్వారా అది విద్యార్థుల ఇళ్లకు కూడా చేరింది. లైనక్స్ మీద జీసీసీ అనే కంపైలరుతో పాత ప్రోగ్రామును కంపైల్ చేయబోతే మొదట ఎదురయ్యేది కోనియో హెడర్ లేదనే సందేశం. ఆ సందేశం నుంచి టెర్మియోస్ దాకా సాగవలసిన దూరం చిన్నది కాదు. కేబీహిట్ అనే ఒక్క మాట చోట ఇరవై పాతిక వరుసల కోడ్ రాయవలసి రావడం అభ్యాసకులకు వెనకడుగుగానే తోస్తుంది, అయితే ఆ వరుసలు రాసినవారికే నిలుపు ఎక్కడ జరుగుతుందో అర్థమవుతుంది.

నేటి పద్ధతులు

పైథాన్‌లో అన్ని చోట్లా ఒకే విధంగా పనిచేసే కేబీహిట్ లేదు. విండోస్ మీద ఎంఎస్‌వీసీఆర్‌టీ అనే మాడ్యూలు అదే పేరుతో ఆ పని చేస్తుంది, అయితే పైథాన్‌తో వచ్చే ఐడిల్ కిటికీలో అది పనిచేయదు, కమాండ్ ప్రాంప్ట్ కావాలి. లైనక్స్ మీద టెర్మియోస్, టీటీవై మాడ్యూళ్లతో పాటు సెలెక్ట్ అనే ఫంక్షన్‌ను వాడతారు. 1983లో బర్క్‌లీ యూనిక్స్ 4.2 తో వచ్చిన సెలెక్ట్, ఇచ్చిన దారుల్లో దేనిలో చదవడానికి సిద్ధంగా ఏదైనా ఉందో, ఎంతసేపు చూడాలో తీసుకుని జవాబు చెబుతుంది. విండోస్‌లో ఇదే ఫంక్షన్ నెట్‌వర్క్ సాకెట్లకు మాత్రమే వర్తిస్తుంది కాబట్టి అక్కడ కీబోర్డుకు పనికిరాదు. లైనక్స్‌లో కూడా ఒక మెలిక ఉంది: పైథాన్ తన సొంత నిల్వలోకి ఒకేసారి చాలా బైట్లను లాగేసుకున్నప్పుడు, కీ నిజంగా అక్కడే ఉన్నా, ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర మిగిలింది ఏమీ లేదు గనుక సెలెక్ట్ లేదనే అంటుంది. ఆ నిల్వను దాటి ఓఎస్ మాడ్యూలులోని రీడ్ ఫంక్షన్‌తో నేరుగా చదవడం దీనికి విరుగుడు.

ఈ వివరాలన్నిటినీ తన లోపల దాచుకునే లైబ్రరీ కర్సెస్. అందులో నోడిలే అనే అమరిక పెడితే గెట్‌చ్ ఎదురుచూడదు, కీ లేకపోతే పైథాన్‌లో -1 ఇస్తుంది. టైమవుట్ అనే అమరికతో మిల్లీసెకన్లలో గడువు పెట్టవచ్చు. టెర్మినల్‌లో పాము ఆట రాయదలచిన లైనక్స్ విద్యార్థికి ఇంతకన్నా సులువైన దారి లేదు. ప్రోగ్రాము పూర్తిగా ముగిసినా, మధ్యలో విరిగినా టెర్మినల్‌ను చక్కబెట్టే ర్యాపర్ ఫంక్షన్ కూడా అందులోనే ఉంది.

థ్రెడ్ వాడటం మరో మార్గం. ఒక ప్రోగ్రాములోనే సమాంతరంగా నడిచే రెండవ ధారను థ్రెడ్ అంటారు. ఇన్‌పుట్ ఫంక్షన్‌ను ఆ ధారలో ఆగనిచ్చి, వచ్చిన పాఠాన్ని క్యూలో వేయించి, ప్రధాన ధార తనకు వీలైనప్పుడు ఆ క్యూను తొంగిచూసే విధంగా దీన్ని అమరుస్తారు. ఎంటర్ అవసరం తీరకపోయినా, నడుస్తున్న ప్రోగ్రాముకు ‘ఆపు’, ‘వేగం పెంచు’ వంటి ఆదేశాలు ఇవ్వడానికి ఇది చాలు. అయితే మొదటి సంవత్సరం విద్యార్థికి థ్రెడ్‌ను మొదటి మందుగా సూచించడం తరచు జరుగుతున్నా అది అంత వివేకమైన సలహా కాదు. రెండు ధారలు ఒకే చలరాశిని మార్చబోయినప్పుడు పుట్టే తప్పులు, అతడు తప్పించుకోదలచిన నిలుపు కన్నా కనిపెట్టడానికి కష్టమైనవి.

ఎదురుచూడకూడదన్న తొందరలో మరో చివరకు పోవడమూ ఉంది. ‘కీ వచ్చిందా, వచ్చిందా’ అని లూపులో విరామం లేకుండా అడిగే ప్రోగ్రాము ప్రాసెసరులోని ఒక కోర్‌ను పూర్తిగా ఆక్రమించి, ల్యాప్‌టాప్ పంకాను గట్టిగా తిప్పిస్తుంది. దీన్ని బిజీ వెయిటింగ్ అంటారు. లూపు ప్రతి చుట్టులో కొన్ని మిల్లీసెకన్ల విశ్రాంతి పెట్టినా, సెలెక్ట్‌కు చిన్న గడువు ఇచ్చినా ఈ దుబారా తగ్గుతుంది.

పైగేమ్‌లో ఈవెంట్ల క్యూ

1998లో సామ్ లాంటింగా మొదలుపెట్టిన ఎస్‌డీఎల్ అనే లైబ్రరీ మీద పీట్ షినర్స్ 2000లో నిర్మించిన పైగేమ్‌లో, అన్నా విశ్వవిద్యాలయ ప్రయోగశాల జాబితా ద్వారా చెన్నై విద్యార్థులు చేరుకునే చోటులో, టెర్మినల్ ప్రసక్తే లేదు. ప్రోగ్రాముకు తనదైన కిటికీ ఉంటుంది; కీ నొక్కడం, కీ వదలడం, మౌస్ కదలడం, కిటికీ మూయడం ప్రతిదీ ఒక ఈవెంట్‌గా, అంటే జరిగిన సంగతిని తెలిపే చిన్న నమోదుగా, క్యూలో చేరుతుంది. ప్రోగ్రాము ఒకే ప్రధాన లూపుగా నడుస్తుంది: ఆ లూపు ప్రతి చుట్టులో క్యూలో ఉన్నవాటిని తీసి చూస్తుంది, బంతి లేదా కారు స్థానాన్ని కొంచెం మారుస్తుంది, తెరను తిరిగి గీస్తుంది. క్లాక్ వస్తువులోని టిక్ ఫంక్షన్‌కు 60 ఇస్తే చుట్టు సుమారు 16.7 మిల్లీసెకన్లకు తగ్గకుండా చూస్తుంది కాబట్టి ప్రాసెసరుకు విశ్రాంతి కూడా దొరుకుతుంది.

ఇక్కడ ఇన్‌పుట్ ఫంక్షన్‌ను లూపు మధ్యలో పెట్టడం కొత్తవారు చేసే తప్పు. అలా చేస్తే కిటికీ బిగుసుకుపోయి, కాసేపటికి ప్రోగ్రాము స్పందించడం లేదని ఆపరేటింగ్ సిస్టమ్ ప్రకటిస్తుంది. క్యూను ఖాళీ చేయడం మరిచినా ఫలితం అదే. కీలను చదవడానికి పైగేమ్‌లో రెండు దారులు ఉన్నాయి. కీడౌన్ ఈవెంట్ నొక్కిన క్షణాన్ని తెలుపుతుంది, గెట్‌ప్రెస్డ్ ఫంక్షన్ ఇప్పుడు ఏయే కీలు నొక్కి ఉన్నాయో చెబుతుంది. కారును పక్కకు జరుపుతూ పోవడానికి రెండవది సరిపోతుంది, ఆటను కాసేపు ఆపడానికి, తూటా పేల్చడానికి మొదటిది కావాలి. తటాలున నొక్కి వదిలిన కీ రెండు చుట్ల నడుమ జారిపోతే గెట్‌ప్రెస్డ్‌కు కనిపించదు, ఈవెంట్‌గా మాత్రం క్యూలో తప్పక ఉంటుంది. ఆటను ఆపే కీకి గెట్‌ప్రెస్డ్ వాడినవారికి ఇంకో ఇబ్బంది: వేలు తీసేలోగా లూపు అయిదారు చుట్లు తిరిగి, ఆట ఆగడం, సాగడం మార్చిమార్చి జరిగి, చివరకు ఏ స్థితిలో నిలుస్తుందో చెప్పలేము. అలాగే నొక్కి పట్టిన కీ టెర్మినల్‌లో పదేపదే వచ్చినట్టు పైగేమ్‌లో రాదు; ఆ పునరావృతి కావాలంటే ప్రత్యేకంగా అడగాలి.

భారతీయ లిపుల సంగతి

కీబోర్డు పాఠాలన్నీ ఒక కీకి ఒక అక్షరం, ఒక అక్షరానికి ఒక బైటు అనే ఊహ మీద నడుస్తాయి. తెలుగుకూ తమిళానికీ ఈ ఊహ చెల్లదు. యూనికోడ్‌లో తెలుగు సంకేతాలు యూటీఎఫ్-8 రూపంలో ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటాయి. ‘క్షి’ అనే ఒక్క అక్షరంలో క, పొల్లు, ష, గుడి కలిసి నాలుగు సంకేతాలు, అంటే పన్నెండు బైట్లు ఉంటాయి. ఆగకుండా ఒక్క బైటు చదివి వెళ్లిపోయే ప్రోగ్రాముకు అందేది అక్షరం కాదు, అక్షరపు ముక్క. దాన్ని వెంటనే పాఠంగా మార్చబోతే పైథాన్ డీకోడ్ పొరపాటు చూపిస్తుంది. అసంపూర్ణమైన బైట్లను దాచి ఉంచి మిగతావి వచ్చాక కలిపే ఇంక్రిమెంటల్ డీకోడరు ఇందుకోసం పైథాన్‌లో సిద్ధంగా ఉంది. లైనక్స్ టెర్మినల్‌లో బాణం గుర్తు కీలకూ ఇదే చిక్కు: పై బాణం ఎస్కేప్‌తో మొదలయ్యే మూడు బైట్లుగా వస్తుంది గనుక, మొదటి బైటు చూడగానే వాడుకరి ఎస్కేప్ కీ నొక్కాడా, బాణం నొక్కాడా అన్నది తేలదు. తర్వాతి బైటు కోసం కొద్దిసేపు చూసి నిర్ణయించడమే కర్సెస్ వంటి లైబ్రరీలు అనుసరించే ఉపాయం; ఆగకూడదనే పద్ధతిలో కూడా కాసింత ఎదురుచూపు తప్పనిసరి అయ్యే సందర్భం ఇది.

1999 ఫిబ్రవరిలో చెన్నైలో జరిగిన తమిళ్‌నెట్ 99 సమావేశం తర్వాత తమిళనాడు ప్రభుత్వం ఆమోదించిన తమిళ్ 99 కీబోర్డు అమరికలో గాని, తెలుగుకు వాడే ఇన్‌స్క్రిప్ట్‌లో గాని, కీ వేరు, తెర మీద ఏర్పడే అక్షరం వేరు. కారును ఎడమకు తిప్పడానికి కీ సంకేతం చాలు, ఆటగాడి పేరు తెలుగులో అడగాలంటే అది చాలదు. 2020లో వెలువడిన పైగేమ్ 2 లో టెక్స్ట్‌ఇన్‌పుట్ అనే వేరే ఈవెంట్ ఉంది, ఇన్‌పుట్ పద్ధతి కూర్చి ఇచ్చిన పాఠాన్ని అది అందజేస్తుంది. కదలికకు కీడౌన్‌నూ పేరు రాయడానికి టెక్స్ట్‌ఇన్‌పుట్‌నూ వాడే ప్రోగ్రాము, పేరు అడుగుతున్నంతసేపూ వెనక రంగాన్ని కదిలిస్తూనే ఉండగలదు.